నాంచారమ్మ వేలంలో కొన్న ఇల్లు

నాంచారమ్మకి ఆ పూట ముద్ద దిగలేదంట. జ్వరం లేదు, ఒంట్లో నలత లేదు, కూరలో ఉప్పెక్కువా కాలేదు. గోంగూర పచ్చడీ, వెన్నపూసా ఎదురుగా పెట్టుకుని కూర్చుంది గానీ ముద్ద దిగదే. ఎందుకు దిగుతుంది? అప్పుడే గాజులమ్మే మనిషి వాకిట్లో బుట్ట దించి ఓ కబురు చెప్పి పోయింది. "మీ తోటికోడలు బస్తీలో కొన్న కొట్టుగది ఈసారి మందులషాపు వాళ్ళకి అద్దెకిచ్చిందంటమ్మా, ఒకటో తారీఖు కొట్టేసరికి అద్దె ఇంటికే తెచ్చిస్తారంట" అని. ఆ ముక్క చెవిలో పడ్డాక గోంగూర మాత్రం ఏం చేస్తుంది చెప్పండి. పళ్ళెం పక్కకి నెట్టేసి, "నాకు ఆకల్లేదు" అన్నదంట మొగుడితో. పాండురంగం మెత్తటి మనిషి. పళ్ళెం వంక చూసి, పెళ్ళాం వంక చూసి, "రత్నం మళ్ళీ ఏం కొన్నది?" అన్నాడంట. చూశారా, ఆకలి లేదంటే ఎందుకు లేదో కూడా ఆయనకి తెలుసు.

వాళ్ళ సంగతి ముందు చెప్పాలి మీకు. చినవల్లూరులో ఆ ఇంటికి ఇద్దరు కోడళ్ళు. పెద్దది నాంచారమ్మ, చిన్నది శేషారత్నం. నాంచారమ్మ వచ్చేటప్పుడు పసుపు కుంకుమ కింద అర ఎకరం మాగాణి తెచ్చుకుంది. వాళ్ళ నాన్న పెళ్ళిపందిట్లో అందరి ముందూ కాగితం ఆమె చేతిలో పెట్టాడు. ఆ అర ఎకరాన్ని ఆమె ముప్ఫై ఏళ్ళు కంటికి రెప్పలా కాచుకుంది. మామగారు ఒకసారి ఆయిలింజను కోసం దాన్ని తాకట్టు పెడదామంటే గుమ్మంలో అడ్డంగా నిలబడి, "అది మా నాన్న నా చేతిలో పెట్టింది, దాని మీద చెయ్యేస్తే మా నాన్న చెయ్యి విరిచినట్టే" అన్నదంట. ఆ మాట ఊరంతా చెప్పుకున్నారు. ఇక శేషారత్నం సంగతా, ఆమె తెచ్చుకుంది ఏమీ లేదు. పైగా తొమ్మిదేళ్ళ కిందట మొగుడు కామెర్లతో పోయాడు. పోయినప్పుడు నాంచారమ్మ నిజంగానే ఏడ్చింది, అబద్ధం ఆడకూడదు. నెల రోజులు వండి పెట్టింది. పాపం, చిన్నది, దిక్కులేనిది అని అందరితో చెప్పుకుంది. అలా జాలిపడటం బాగానే ఉండేది అనుకోండి. రత్నం నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నంత కాలం బాగానే ఉండేది.

అది కూర్చోలేదు, అదే వచ్చిన చిక్కు. రెండు క్యాన్లు కొని ఇంటింటికీ తిరిగి పాలు పోయించుకుని డెయిరీ వ్యానుకి ఎత్తడం మొదలుపెట్టింది. రెండు క్యాన్లు ఆరయ్యాయి, ఆరు పదయ్యాయి. మూడేళ్ళ కిందట ఏమైందంటే, బస్తీలో ఎవరో అప్పు కట్టలేక చేతులెత్తేస్తే బ్యాంకు వాళ్ళు అతని కొట్టుగది వేలం వేశారు. అలాంటి వాటి జోలికి మనబోటివాళ్ళు పోరు కదా, ఒకడి ఉసురు తగిలిన గోడలు మనకెందుకు అనుకుంటాం. శేషారత్నం పోయింది. చవగ్గా కొన్నది. రంగు వేయించి అద్దెకిచ్చింది. ఆ రోజు నుంచి నాంచారమ్మ కడుపులో ఓ కుంపటి రాజుకుంది. పైకేమో, "పోనీలే, చిన్నది బాగుపడితే మనకే కదా గౌరవం" అంటుంది. లోపలేమో, పెద్దకోడల్ని నేను, పొలం తెచ్చిందాన్ని నేను, మొగుడున్నదాన్ని నేను, ఆస్తి కొన్నది అదా అని నిద్రలో కూడా పళ్ళు కొరుకుతుందంట. ఎలా కొన్నావే, ఏం చూశావే అని ఒక్కసారి అడిగితే శేషారత్నం పూసగుచ్చినట్టు చెప్పేది. కానీ అడిగితే తను చిన్నదైపోదూ? అందుకని అడగలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, అడగలేదు.

అలా ఉండగా, ఓ రోజు నాంచారమ్మ తోటికోడలింటికి కరివేపాకు కోసం పోయింది. కరివేపాకు తన పెరట్లోనూ ఉంది, అయినా పోయింది. అద్దం వెనక పేపరు ముక్క దోపి ఉంది. శేషారత్నం పొయ్యి దగ్గరుంటే ఈవిడ మెల్లగా లాగి చూసింది. వేలం ప్రకటన. గూడెంపేట సొసైటీ బ్యాంకు వాళ్ళది. గూడెంపేట రోడ్డు మీద పెంకుటిల్లు, వీధరుగులు, మధ్యలో నడవ, ఇటు రెండు గదులు, అటు రెండు గదులు, ఇన్ని గజాలు, కనీస ధర పద్దెనిమిది లక్షలు, ఫలానా తేదీలోగా కవర్లో ధర రాసి, ధరావతు కింద కొంత సొమ్ము ముందే కట్టి పెట్టెలో వెయ్యాలి. కింద నాలుగు దిక్కులా హద్దులు కూడా వేశారు, పడమర రోడ్డు, దక్షిణం ఫలానా వారి గోడ, ఉత్తరం ఫలానా వారి గోడ, తూర్పు సీతారావమ్మ గారి ఇల్లు, వారి నడకదారి అని. అవన్నీ ఎవరు చదువుతారు? నాంచారమ్మ ధర చదివింది, తేదీ చదివింది, ముక్కని ఎలా ఉందో అలా దోపేసింది. "కరివేపాకు కోసుకున్నావా అక్కా" అని శేషారత్నం లోపల్నించి కేకేస్తే, "ఆ, కోసుకున్నా" అని ఉత్త చేతుల్తో వచ్చేసిందంట.

మర్నాడు తెల్లారగట్ల ఆటో ఎక్కి గూడెంపేట పోయింది. పోయి ఆ ఇంటి తలుపు కొట్టిందా, చుట్టుపక్కల అడిగిందా? లేదు. ఎదురుగా మూతబడ్డ రైసుమిల్లు ఒకటుంటే, ఆ ప్రహరీ వార నిలబడి, పమిట మొహం మీదికి లాక్కుని చూసింది. ఎవరినన్నా అడిగితే, ఆ అడిగిన సంగతి ఆ నోటా ఈ నోటా పడి శేషారత్నం చెవిలో పడదూ? అదీ భయం. ఇల్లు నచ్చింది. నచ్చడమేంటిలే, పేపరు ముక్క అద్దం వెనక దోపినప్పుడే నచ్చింది. కాసేపటికి ఏమైందంటే, ఆ వీధి తలుపు తీసుకుని సాక్షాత్తూ శేషారత్నమే బయటికొచ్చింది. బయటికి రావడమేనా, అరుగు మీద కూర్చుని, దూలాలు చూసి, గోడ మీద అరచెయ్యి పెట్టి నిమిరింది. ఇక్కడ మిల్లు గోడ పక్కన నాంచారమ్మకి ఆ చెయ్యి తన వీపు మీద వాత పెట్టినట్టు అనిపించిందంట.

ఇక చూసుకోండి, ఈవిడకి పని దొరికింది. రెండు రోజులకోసారి గుడికనో, చుట్టాలింటికనో చెప్పి మిల్లు గోడ దగ్గరికి పోతుంది. పోయినప్పుడల్లా శేషారత్నం అక్కడే. ఒకనాడు పోస్టాయనతో మాట్లాడుతోంది. ఒకనాడు కరెంటు మీటరు రీడింగు తీసే మనిషితో. ఒకనాడు ఇస్త్రీబండి దగ్గర. అబ్బో, ఇన్నిసార్లు తిరుగుతోందంటే ఆ ఇంట్లో లంకెబిందెలున్నాయేమో అనుకుంది నాంచారమ్మ. పోనీ అంతటితో ఆగిందా? ఒకరోజు బాగా పెందలాడే పోయింది. ఇల్లు చూస్తే గుమ్మం ముందు తడి, చక్కగా పేడనీళ్ళతో కళ్ళాపి చల్లి, మధ్యలో నాలుగు గీతల ముగ్గు. సొసైటీ వాళ్ళు గదులకి సీలు వేసిన ఇల్లది. వాకిట్లో కళ్ళాపి. అప్పుడే కళ్ళాపి చల్లించేసిందే, అప్పుడే తనదే అనుకుంటోందే, ఎంత ధీమా అనుకుంది నాంచారమ్మ. ఆ ధీమా చూసి మండుతుండగానే తలుపు తెరుచుకుంది. శేషారత్నం పాలక్యాను పట్టుకుని బయటికొచ్చింది.

పాలక్యాను. ఇదిగో, ఇక్కడ మీ మధ్య కూర్చుని వింటున్న మాణిక్యం నవ్వుతోంది, తనకి అర్థమైపోయింది. పాలవ్యాపారం చేసేదాని చేతిలో పాలక్యాను కాక పూలబుట్ట ఉంటుందా? కానీ కుళ్ళుబోతు కంటికి ఉన్నది కనపడదమ్మా, తను వండుకున్నదే కనపడుతుంది. ముందు కళ్ళాపి, ఆపైన ముగ్గు, ఇప్పుడు పాలు. గృహప్రవేశానికి పొంగించాల్సిన పాలు కూడా సిద్ధం చేసుకుందిరా దేవుడా, పొయ్యి ఏ మూల పెట్టాలో చూసుకుని పోతోంది అనుకుంది నాంచారమ్మ. అక్కడే, ఆ మిల్లు గోడ పక్కనే, ఒట్టు పెట్టుకుంది. ఆ ఇంట్లో పాలు పొంగితే నా చేత్తోనే పొంగాలి అని.

ఇంటికొచ్చి మొగుణ్ణి కూర్చోబెట్టింది. "ఏమయ్యా, గూడెంపేటలో ఇల్లు కొందాం." పాండురంగం, "డబ్బో?" అన్నాడు. "నా అర ఎకరం ఉంది." ఆ మాట విని ఆయన తువ్వాలు దులుపుతున్నవాడల్లా ఆగిపోయాడంట. "దాని మీద చెయ్యేస్తే మీ నాన్న చెయ్యి విరిచినట్టన్నావు కదే." "నా చెయ్యి నేనేసుకుంటే విరవడం కాదు." "ఇల్లు చూశావా?" "చూశాను." "లోపల చూశావా?" "లోపలేముంటుంది, గదులుంటాయి." "ఎవరినన్నా అడిగావా?" "రత్నం అడుగుతోంది కదయ్యా, ఊరందరినీ అడుగుతోంది. ఏమీ లేనిదే అన్నిసార్లు తిరుగుతుందా? దానికి మంచిదైతే మనకి మంచిది కాదా?" పాండురంగం, "మరి రత్నాన్నే అడుగుదామా" అన్నాడు. ఆ రాత్రి ఆయనకి కూర వెయ్యలేదంట, పచ్చడితోనే తిన్నాడు. సొసైటీ వాళ్ళు కొనేవాళ్ళు లోపలికొచ్చి చూసుకోవడానికి ఓ రోజు కూడా పెట్టారు, సీళ్ళు తీసి గదులన్నీ చూపిస్తామన్నారు. నాంచారమ్మ పోలేదు. ఆ రోజు శేషారత్నం అక్కడుంటుంది, కళ్ళూ కళ్ళూ కలుస్తాయి, ఎందుకొచ్చావక్కా అంటే ఏం చెప్పాలి అని. పొలానికి మాత్రం ఎగువ రైతుని పిలిచి బేరం కుదుర్చుకుని బయానా పుచ్చేసుకుంది.

కవరు వెయ్యాల్సిన రోజు వచ్చింది. ఎంత రాయాలి? పద్దెనిమిది కనీస ధర. శేషారత్నం పందొమ్మిది రాస్తుందా, ఇరవై రాస్తుందా? అది పాలమనిషి, నాలుగు చుక్కలు ఎక్కువ పోస్తుంది, ఇరవైఒకటి రాసినా రాస్తుంది. ఎందుకైనా మంచిదని నాంచారమ్మ ఇరవైమూడు లక్షలు రాసి, బయానా డబ్బులోంచి ధరావతు కట్టి, కవరు నాలుగంచులా అన్నం మెతుకులు పెట్టి అంటించి పెట్టెలో వేసింది. మధ్యాహ్నం మూడింటికి సొసైటీ ఆఫీసులో పెట్టె తెరిచారు. కార్యదర్శి గారు, గుమాస్తా, నాంచారమ్మ, పాండురంగం. ఇంకెవరూ లేరు. నాంచారమ్మ గుమ్మం వైపే చూస్తోంది, శేషారత్నం రావాలి, ఓడిపోవాలి, ఆ మొహం చూడాలి. రాదే. గుమాస్తా పెట్టెలో చెయ్యి పెట్టి ఓ కవరు తీశాడు. మళ్ళీ చెయ్యి పెట్టి మూలమూలలా తడిమాడు. పెట్టె ఎత్తి బోర్లించి అడుగున తట్టాడు. ఒక్క బల్లిగుడ్డు పెంకు రాలిందంట. "ఒకటేనండి" అన్నాడు. కార్యదర్శి గారు కవరు చించి, అంకె చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. "ఇరవైమూడు" అన్నారు. "అమ్మా, ఇల్లు మీదే. పావు వంతు ఇప్పుడు కట్టండి, మిగతాది పదిహేను రోజుల్లో. గడువు దాటితే కట్టింది తిరిగిరాదు." పద్దెనిమిది రాసి వేసినా దక్కేది. ఆ సంగతి నాంచారమ్మకి అప్పుడు తట్టలేదు. తట్టినా పట్టించుకునే స్థితిలో లేదు. భయపడి రాలేకపోయింది చూశావా అని మొగుడి చెయ్యి గిల్లిందంట. పాండురంగం మాత్రం బోర్లించిన పెట్టె వంకే చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు గుమాస్తాని వెంటబెట్టుకుని ఇల్లు చూడ్డానికి పోయారు. ఈసారి మిల్లు గోడ పక్కన కాదు, రోడ్డు మధ్యలోంచి, తల ఎత్తుకుని, పట్టుచీర కట్టుకుని పోయింది నాంచారమ్మ. గుమాస్తా తలుపు తోశాడు. నడవలోకి అడుగుపెట్టింది. చల్లగా ఉంది, బండపరుపు నున్నగా మెరుస్తోంది. ఇక్కడ టీవీ, అక్కడ ఉయ్యాలబల్ల అని వేలు పెట్టి చూపిస్తోంది. అంతలో నడవ చివర, పెరటివైపు తలుపు దగ్గర గంట చప్పుడైంది. గుడిగంటేమో అనుకుంది. తలుపు బార్లా తెరుచుకుంది, వెలుతురు వచ్చింది, ఆ వెలుతురుకి అడ్డంగా ఓ గేదె వచ్చింది. అల్లాటప్పా గేదె కాదు, కొమ్ములు ఇటు గోడకీ అటు గోడకీ ఆనేంత గేదె. నింపాదిగా, పెళ్ళికూతురు నడిచినట్టు నడవలో నడుచుకుంటూ వస్తోంది. దాని వెనకాల కర్ర పట్టుకుని ఓ ముసలావిడ. "జరగమ్మా, అది కొత్తవాళ్ళని పొడుస్తుంది" అన్నది. నాంచారమ్మ పట్టుచీరతో గోడకి అతుక్కుపోయింది. గేదె ఆమె పక్కన ఒక్క క్షణం ఆగి, తన పని తను కానిచ్చి, వీధి గుమ్మం దిగి రోడ్డెక్కింది. ముసలావిడ కొంగు బిగించి, నీళ్ళు తెచ్చి, ఆ పేడ ఎత్తి, కొంత నీళ్ళలో కలిపి వాకిట్లో చల్లి, రెండు వేళ్ళతో ముగ్గుపిండి తీసి నాలుగు గీతలు గీసింది. కళ్ళాపి. అదన్నమాట ఆ కళ్ళాపి.

ఎవరు నువ్వు అని అడిగింది నాంచారమ్మ, కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని. "నేను సీతారావమ్మని. ఈ ఇంటి ఆడపడుచుని. మీరు కొన్నారంటగా, సంతోషం. నేను మీ తూర్పు హద్దుని" అన్నదంట ఆవిడ. వెనక పెరట్లో రెండు గదులూ, గేదెల పాకా ఆవిడవి. మొగుడు వదిలేసిన కూతుర్ని నలభై ఏళ్ళ కిందట తండ్రి తెచ్చుకుని, ఆ రెండు గదులూ పసుపు కుంకుమల కింద రాసిచ్చి రిజిస్ట్రీ చేయించాడు. ముందు భాగం కొడుక్కి. ఆ కొడుకు కొడుకు రొయ్యల చెరువులకని ముందు భాగాన్ని తాకట్టు పెట్టి, రొయ్యలు చచ్చి, ఊరొదిలిపోయాడు. పెరటికి వేరే దారి లేదు కాబట్టి తండ్రి దస్తావేజులో ఇంకో ముక్క కూడా రాయించాడు. ముసలావిడ ట్రంకుపెట్టె తీసి, పసుపు గుడ్డ విప్పి చూపించింది. సదరు సీతారావమ్మ తన జీవితకాలమంతా, తన గొడ్డూగోదతో సహా, వీధి గుమ్మంలోంచి నడవ మీదుగా నడుచుటకు హక్కు కలిగియున్నది అని ఉంది. నాంచారమ్మ గుమాస్తా మీద విరుచుకుపడింది, "మాకు చెప్పలేదేం?" అని. గుమాస్తా నెమ్మదిగా పేపరు ప్రకటన తీసి, వేలు పెట్టి చూపించాడు. "రాశాం కదమ్మా. తూర్పు సీతారావమ్మ గారి ఇల్లు, వారి నడకదారి. ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నాం అని కూడా రాశాం." ఉన్నది ఉన్నట్టు అంటే మరి గేదె కూడా ఉన్నట్టే కదండీ. ప్లీడరు దగ్గరికి పోతే ఆయనా అదే మాట చెప్పి, చెప్పినందుకు ఫీజు పుచ్చుకున్నాడు.

అప్పుడు పోయింది నాంచారమ్మ శేషారత్నం ఇంటికి. కరివేపాకు కోసం కాదు. పోయి, "నన్ను నిలువునా ముంచావే" అన్నది. శేషారత్నం క్యాన్లు తోముతోంది. తోమడం ఆపి, "నేనేం చేశానక్కా?" అన్నది. "ఇన్నిసార్లు ఎందుకు తిరిగావే ఆ ఇంటి చుట్టూ? కొనాలనే కదా?" "కొనాలనే మొదటిసారి పోయాను. వాకిట్లో పేడ కనపడింది. సీలు వేసిన ఇంటికి పేడ ఎక్కణ్ణించి వస్తుంది? రెండోసారి మీటరాయన్ని అడిగాను, మీటరు తిరుగుతోందండీ అన్నాడు. మూడోసారి పోస్టాయన్ని అడిగాను, సీతారావమ్మ గారికి పింఛను తెచ్చిస్తానండీ అన్నాడు. అప్పుడు నడవ దాటి పెరట్లోకి పోయి ఆవిడతో మాట్లాడి కాగితం చూశాను. ఆ రోజే వద్దనుకున్నా." "మరి ఆ తర్వాత కూడా పోయావు. తొమ్మిదిసార్లు పోయావు. నేను చూశాను." ఆ మాట నోరు జారాక నాంచారమ్మకి తెలిసింది ఏం అన్నదో. శేషారత్నం చేతిలో క్యాను పక్కన పెట్టింది. "ఆ గేదె పాలు చిక్కగా ఉంటాయక్కా. పోయించుకుంటున్నా" అన్నది. తర్వాత, "ఆస్తి కొనడానికి ఒక్కసారి పోతే చాలు. వద్దనుకోవడానికే అన్నిసార్లు తిరగాలి" అన్నది. ఇంకా, "పసుపు కుంకుమ పొలం అమ్మావంటగా. ఒక్క మాట అడగొచ్చుగా నన్ను. కాళ్ళు పట్టుకుని ఆపేదాన్ని" అన్నది. తిడితే బాగుండేదని నాంచారమ్మ తర్వాత మొగుడితో చెప్పిందంట. తిట్టలేదు, అదే మంట.

పదిహేను రోజుల గడువు. వదిలేసుకుంటే పావు వంతు పోతుంది, పొలం మీద తీసుకున్న బయానాకి మాట పోతుంది. కడితే అర ఎకరం పోయి గేదె నడిచే ఇల్లు వస్తుంది. పన్నెండో రోజున నాంచారమ్మ ముసలావిడ దగ్గరికి పోయి, మంచం కోడు పట్టుకుని కూర్చుని బతిమాలింది. "పిన్నీ, పక్కవాళ్ళతో మాట్లాడి పెరటి గోడ కొట్టించి నీకు వేరే దారి చేయిస్తాను, గేటు కూడా పెట్టిస్తాను. నడవ వదిలెయ్యి." సీతారావమ్మ తవుడు కలుపుతూ విన్నదంతా విన్నది. విని, "అమ్మాయ్, మొగుడొదిలేసి వచ్చిన రోజున ఊరంతా చూస్తుండగా మా నాన్న నా చెయ్యి పట్టుకుని వీధి గుమ్మంలోంచి తీసుకొచ్చాడు. జీవితమంతా ఇలాగే నడువు అని రాసిచ్చాడు. దొడ్డిదారిన పొమ్మని రాయలేదు. నేను ఒక్కదాన్నయితే ఎలాగో పోదును, మా నాన్న మాట కూడా నాతో పాటు నడుస్తుందిగా. నాన్న చేతిలో పెట్టినదాని మీద చెయ్యేస్తావా?" అన్నది. నాంచారమ్మ మంచం కోడు వదిలేసి లేచింది. ఆ మాట ఒకప్పుడు తను గుమ్మంలో నిలబడి అన్నదే. ఇంటికొచ్చి, పధ్నాలుగో రోజున డబ్బంతా కట్టేసింది. పొలం రిజిస్ట్రీ రోజు వేలిముద్ర వేస్తే అలుక్కుపోయిందంట, రెండోసారి వెయ్యమన్నారు.

ఇల్లు చేతికొచ్చింది, అద్దెకి ఎవరొస్తారు? టీచరు గారొకాయన కుటుంబంతో వచ్చి చూసి, అడ్వాన్సు తీసే వేళకి గంట మోగింది, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. బీమా ఏజెంటు ఒకడు వచ్చి ఫ్యాంటు మీద కొమ్ము గీత పడ్డాక పోయాడు. ఆర్నెల్లు ఖాళీ. చివరికి ఓ సాయంత్రం శేషారత్నం తనే వచ్చింది పెద్దకోడలింటికి. "అక్కా, ఆ ఇల్లు నాకియ్యి అద్దెకి. ఆ చుట్టుపక్కల పాలు పోసేవాళ్ళు ముప్ఫైమంది ఉన్నారు, అక్కడ ఓ పాలకేంద్రం పెట్టుకుంటాను. నడవలో గేదె నడిచినా నాకేం బాధ లేదు, నా పనే గేదెలతో." అద్దె కూడా న్యాయంగా చెప్పింది. నాంచారమ్మ వద్దనబోయింది. పాండురంగం జీవితంలో మొదటిసారి పెళ్ళాం కంటే ముందు నోరు తెరిచి, "తీసుకోమ్మా" అన్నాడు.

అయితే కథ సుఖాంతమే కదా అంటారు. ఆగండి. పాలకేంద్రం పెట్టిన రోజున పొయ్యి వెలిగించి పాలు పొంగించారు. ఇల్లుగలావిడ కాబట్టి నాంచారమ్మనే పొంగించమన్నారు, పెట్టుకున్న ఒట్టు తీరింది. తన చేత్తో పొంగిన పాలు శేషారత్నం క్యాన్లోకి పోయాయి. ఒకటో తారీఖు అద్దె ఠంచనుగా ఇంటికొస్తుంది, దాంట్లో లోటు లేదు. కానీ అద్దె చేతిలో పడ్డాక నాంచారమ్మకి అనుమానం, నాకే ఇంతిస్తోందంటే దానికెంత మిగులుతోందో అని. ఆ అనుమానం పుట్టాక మళ్ళీ ముద్ద దిగదు. అందుకని ఇప్పటికీ వారానికి రెండుసార్లు ఆటో ఎక్కి గూడెంపేట పోతుందంట. పోయి సొంత ఇంట్లోకి పోదు. ఎదురుగా మిల్లు గోడ వార నిలబడి, పమిట మొహం మీదికి లాక్కుని, వ్యాను ఎక్కే క్యాన్లు చూస్తుంటుంది. మొన్నామధ్య సీతారావమ్మ గేదెని తోలుకుంటూ రోడ్డెక్కి, మిల్లు దగ్గర ఆగి, "ఏవమ్మా ఇల్లుగలదానా, ఎండలో ఎందుకు? లోపలికి రా. నేను నడిచే ఇల్లే, నువ్వు నడవకూడదా" అన్నదంట.

వేలం ఇళ్ళు కొనొద్దని నేననను. శేషారత్నం కొన్నది, బాగుపడింది. వాకిట్లో పేడ కనపడితే అది ఏ గేదెదో కనుక్కుని కొనండి. తోటికోడలిదేమో అని మాత్రం అనుకోవద్దు. ఇక లేవండి, పాలు పితికే వేళయింది.